సైలెన్సర్ మార్చే పని ముందు రాత్రే మొదలవుతుంది

మా ఇల్లు విశాఖపట్నంలో, పెదవాల్తేరు వైపు. సముద్రం నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటుంది. నా బండి 2013 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ల్యాబులో రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున ఐదున్నరకు ఇల్లు చేరుతాను. పోయిన వానాకాలం చివర్లో బండి గొంతులో ఏదో బొంగురు చేరింది. వంగి చూస్తే సైలెన్సర్ అడుగున, అతుకు వెంట, బియ్యపు గింజంత చిల్లులు మూడు కనిపించాయి. వేలితో నొక్కగానే అక్కడి రేకు అప్పడంలా విరిగింది.

ఇది ఒక్క ఉప్పుగాలి చేసిన పని కాదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అదంతా ఆవిరిగా సైలెన్సర్ గుండానే బయటికి పోవాలి. నేను ఒక్కో పూటా తిరిగేది ఐదారు కిలోమీటర్లే కాబట్టి, సైలెన్సర్ కొస దాకా వేడెక్కేలోపే బండి ఆగిపోతుంది. ఆవిరి లోపలే నీరై నిలిచి రేకును తినేస్తుంది. ఆ నీరు కారిపోవడానికే చాలా సైలెన్సర్లకు అడుగున సన్నని రంధ్రం పెడతారు. లీకు అనుకుని దాన్ని ఎం-సీల్‌తో మూసేవారిని చూశాను. దయచేసి మూయకండి.

కంపెనీ సైలెన్సర్ కాకుండా బయటిది కొనాలనుకున్నప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే, శబ్దం పెరగకూడదు. మా మేడమీద మూడు నెలల పసిబిడ్డ ఉంది. నేను వచ్చే వేళకు ఆ తల్లి అప్పుడే కన్ను మూసి ఉంటుంది. దుకాణంలో అబ్బాయి మాత్రం లోపల బ్యాఫిల్, అంటే శబ్దాన్ని అణిచే భాగం, లేని గొట్టమే ముందుకు తోశాడు. "పికప్ పెరుగుతుంది మేడం" అన్నాడు. పెరగదు. ఈ 346 సీసీ ఇంజిను బలమంతా నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర, 28 న్యూటన్ మీటర్ల టార్కులో ఉంది. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్నని జెట్టు సరిచేయకుండా గొట్టం ఖాళీ చేస్తే కింది వేగంలో లాగుడు తగ్గుతుంది తప్ప పెరగదు. శబ్దం పెరిగినందువల్ల బలం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. పైగా మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. అందుకని బ్యాఫిల్ లోపల వెల్డింగ్ చేసి ఉన్నది, బోల్టు విప్పి ఊడదీయడానికి వీలులేనిది అడిగి తీసుకున్నాను.

కొనేముందు, ఇంజిను నుంచి సైలెన్సర్ దాకా వంగి వచ్చే పాత బెండ్ పైపు కొస బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకు వెళ్ళండి. "అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అన్న మాట నమ్మకండి. ఒక మిల్లీమీటరు వదులైనా క్లాంపు ఎంత బిగించినా ఆ సందు పూడదు. మీది 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్6 బండి అయితే ఇంకో మాట. బెండ్ పైపు జోలికి పోకండి. ఆక్సిజన్ సెన్సార్ ఆ వైపే ఉంటుంది. పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఎక్కడుందో ముందు తెలుసుకుని, దాన్ని కదిలించకుండా వెనక భాగం మాత్రమే మార్చే రకం దొరికితేనే కొనండి.

ఇక పని. బెండ్ పైపును ఇంజిను తలకు (సిలిండర్ హెడ్‌కు) పట్టి ఉంచేవి రెండు స్టడ్లు, అంటే అందులోకి దిగిన మర కడ్డీలు, వాటి మీద రెండు నట్లు. అసలు ప్రమాదమంతా ఇక్కడే. నాలుగేళ్ల కిందట ఇదే బండికి గాస్కెట్ (ఇంజిను తలకూ పైపుకూ మధ్య సందు మూసే రింగు) మార్చబోయి, పొడుగాటి పానా తగిలించి ఒక్క ఊపున లాగాను. టక్కుమని శబ్దం వచ్చింది. నట్టు తిరిగిందని సంబరపడితే, స్టడ్డు సగానికి విరిగి నా చేతికే వచ్చింది. కంచరపాలెంలో లేత్ పట్టే పెద్దాయన మిగిలిన ముక్కను డ్రిల్లు వేసి తీయడానికి రెండు గంటలు పట్టింది. "తల అల్యూమినియం, స్టడ్డు ఇనుము. మధ్యలో తుప్పు చేరితే రెండూ ఒకటైపోతాయి. బతిమాలి తీయాలి తల్లీ, బలవంతం చేస్తే అసలుకే మోసం" అన్నాడు.

బతిమాలడమంటే ఇలా. ముందు రాత్రే, ఇంజిను చల్లారాక, బయటికి కనిపించే మరలను ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్ది తుప్పు వదిలే నూనె కొట్టండి. పడుకునే ముందు ఇంకోసారి కొట్టండి. పొద్దున రింగ్ పానా పెట్టండి, రెండు వైపులా నోరున్న పానా వద్దు, అది నట్టు మూలలు అరగదీస్తుంది. పావు చుట్టు విప్పండి, మళ్ళీ కొంచెం బిగించండి, నూనె చుక్క వేసి ఇంకాస్త విప్పండి. నట్టు కదులుతుంటే ఎర్రటి తుప్పు పొడి నూనెలో కలిసి బురదలా బయటికి వస్తుంది. అది కనిపించిందంటే గండం గడిచినట్టే. కదలనని మొరాయిస్తే ఆ పూటకు వదిలేసి మరో రాత్రి నూనెలో నాననివ్వండి.

ఆ రెండు నట్లూ వచ్చాక సైలెన్సర్ మెడ దగ్గరి క్లాంపు, చివరగా ఫుట్‌రెస్టు దగ్గరి బ్రాకెట్ బోల్టు విప్పండి. ఆ బోల్టు తీసేముందు సైలెన్సర్ కింద ఇటుక, దాని మీద పాత గుడ్డ పెట్టండి, లేకపోతే బరువంతా బెండ్ పైపు మీద వేలాడుతుంది. మెడ పట్టుకుపోతే అటూ ఇటూ తిప్పుతూ లాగండి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టండి.

పాతది బయటికి వచ్చాక టార్చి వేసి ఇంజిను తలలోని రంధ్రంలోకి చూడండి. పాత గాస్కెట్ రింగు మసి పట్టి, లోహంలో లోహంలా కలిసిపోయి, అక్కడ ఏమీ లేనట్టే కనిపిస్తుంది. దాని మీదే కొత్తది వేస్తే ఎప్పటికీ కుదరదు. మొన లేని స్క్రూడ్రైవర్‌తో అంచు నెమ్మదిగా లేపి తీసేయండి, అల్యూమినియం మీద గీత పడకుండా చూసుకోండి. కొత్త రింగు కింద పడిపోకుండా రెండు చోట్ల చిటికెడు గ్రీజు రాసి అతికించండి. తీసిన గాస్కెట్ మళ్ళీ వాడకండి. ఒకసారి నలిగిన రింగు రెండోసారి నలగదు.

స్టడ్డు మరలకు రాగి పొడి కలిసిన గ్రీజు పూసి, బెండ్ పైపు, సైలెన్సర్, బ్రాకెట్ అన్నీ చేతి వేళ్ళతో మాత్రమే బిగించండి. అన్నీ తమ తమ స్థానాల్లో నిమ్మళంగా కూర్చున్నాయో లేదో చూశాక, ముందు తల దగ్గరి రెండు నట్లు, ఒకటి తరువాత ఒకటి, సగం సగం చుట్టుగా బిగించాలి. తరువాత మెడ క్లాంపు, ఆఖరున బ్రాకెట్. చాలామంది బ్రాకెట్‌తో మొదలుపెడతారు. బోల్టు రంధ్రాలు కలవకపోతే పైపును గుంజి మరీ కలుపుతారు. అలా గుంజిన పైపు ఇంజిను అదురుకు పదిసార్లు సర్దుకోబోయి చివరికి స్టడ్డునో బ్రాకెట్ వెల్డింగునో తెంపుతుంది. రంధ్రం కలవకపోతే వాషరు వేసి సర్దండి. ఇద్దరిని బండి మీద కూర్చోబెట్టి బ్రేకు పెడలు, సెంటర్ స్టాండు, వెనక చక్రం ఇరుసు నట్టు ఏవీ సైలెన్సర్‌కు తగలడం లేదని చూడండి. ఇరుసు బయటికి లాగే దారి మూసుకుపోతే, నడిరోడ్డున పంక్చరు పడిన రోజు సైలెన్సర్ విప్పాల్సి వస్తుంది.

స్టార్టు చేసేముందు శుభ్రమైన గుడ్డకు స్పిరిట్ అద్ది పైపంతా తుడవండి, అది ఆరనివ్వండి. నేను ఒక్క చోటు మరిచిపోయాను. నా బొటనవేలి ముద్ర గోధుమరంగులో కాలి, ఇప్పటికీ క్రోమ్ మీద గీతలతో సహా కనిపిస్తుంది.

లీకు పరీక్షకు నేను వాడేది అగరుబత్తి. స్పిరిట్, నూనె గుడ్డలు దూరంగా పెట్టి, ఆరుబయట ఇంజిను నిదానంగా తిరుగుతుండగా అతుకుల చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ తిన్నగా లేస్తే మంచిదే. ఒక చోట దెబ్బ కొట్టినట్టు ఎగిరిపడితే అక్కడ లీకుంది. నా బండి మొదటిరోజు థ్రాటిల్ వదలగానే పటపటమంది. ఒక మెకానిక్ చూసి కార్బురేటర్ జెట్టు పెద్దది వేయాలన్నాడు. నాకు మనసొప్పలేదు. థ్రాటిల్ మూసినప్పుడు పైపులో పుట్టే పీల్పుకు అతుకు సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి వేడి పైపులో పేలుతుంది. ఇంటికొచ్చి అగరుబత్తి పెట్టి చూస్తే మెడ క్లాంపు దగ్గర పొగ ఎగిరిపడింది. క్లాంపు విప్పి, మెడను వేలెడు లోపలికి జరిపి బిగించాను. పటపట ఆగిపోయింది. అప్పుడు కూడా ఆగకపోతేనే స్పార్కు ప్లగ్గు విప్పి చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే కార్బురేటర్ ముట్టుకోనక్కర లేదు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, జెట్టు మాట అప్పుడు ఆలోచించండి.

మొదటి పది నిమిషాలు పైపు నుంచి నూనె కాలిన పొగ వస్తుంది, కంగారు పడకండి. వంద కిలోమీటర్లు తిరిగాక, రాత్రంతా చల్లారిన బండి మీద తల దగ్గరి నట్లకు మళ్ళీ పానా పెట్టండి. వేడికి గాస్కెట్ నలిగి ఉంటుంది కాబట్టి నట్టు ఇంకాస్త తిరుగుతుంది. నాకు ఎడమ నట్టు ఎనిమిదో వంతు చుట్టు, కుడిది దాదాపు పావు చుట్టు తిరిగాయి. ఆ మర్నాడు మేడమీది ఆమె మెట్ల మీద కనిపించి, "అక్కా, నిన్న రాత్రి డ్యూటీకి వెళ్ళలేదా? బండి చప్పుడే వినిపించలేదు" అని అడిగింది.