ఒకే బోర్డుపై రెండు ప్రాసెసర్లు: ఎంపిక నుంచి బిగింపు దాకా

గత వేసవిలో హనుమకొండలోని మా దుకాణానికి ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి వచ్చాడు. ఖిలా వరంగల్ కీర్తి తోరణాన్ని బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీగా మలిచాడు. దాని యానిమేషన్‌కు ల్యాప్‌టాప్ రాత్రంతా నడిచినా నాలుగు ఫ్రేములు, అంటే నాలుగు బొమ్మలు, పూర్తి కావడం లేదు. "అన్నా, పాత సర్వర్ ప్రాసెసర్లు రెండు పెట్టి ఒక కంప్యూటర్ చేయవచ్చా?" అని అడిగాడు.

చేయవచ్చు. బొమ్మను ముక్కలుగా పంచుకుని ప్రాసెసర్‌లోని ప్రతి కోరూ (లెక్కలు చేసే భాగం) తన వంతు గీసే పని కనుక, తక్కువ డబ్బులో అతనికి అదే మంచి దారి. ఆటల కోసమో, టాలీ కోసమో అడిగి ఉంటే వద్దనేవాణ్ని. అక్కడ కావలసింది ఒక్క కోరు వేగం. కోర్ల సంఖ్య కాదు.

ప్రాసెసర్లను చూసి కొనాలి. రెండు చిప్‌లు మాట్లాడుకునే దారి వాటిలోనే ఉండాలి. ఇంటెల్ జియాన్ ఈ5 రకంలో ఆ దారి పేరు క్యూపీఐ. మోడల్ నంబరు 1తో మొదలైతే అది ఒంటరిగానే పనిచేస్తుంది, 2 అయితే జంటగా, 4 అయితే నాలుగు సాకెట్ల (బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే గూళ్ల) వరకు. ఏఎండీ ఎపిక్‌లో పేరు చివర పీ ఉంటే ఒక్క సాకెట్‌కే పరిమితం. ఇళ్లలో వాడే రైజెన్, కోర్ ఐ7లకు జంట కుదరదు. మేము ఈ5-2680 వీ4 రెండు తీసుకున్నాం. ఒక్కోదానిలో 14 కోర్లు, కోరుకు రెండు పనుల వరుసల చొప్పున 28 థ్రెడ్లు. మూత మీద ఎస్ఆర్‌తో మొదలయ్యే కోడ్ రెండింటికీ ఒకటే ఉందో లేదో చూసుకోండి. ఆ కోడ్ లేని పరీక్ష నమూనాలు ఎంత చవకగా వచ్చినా నేను ముట్టుకోను.

బోర్డు చేతికి రాకముందే దాని మాన్యువల్ తెరిచి, ఏ స్లాట్ ఏ ప్రాసెసర్‌దో చెప్పే పటం చూడండి. ఈ5 వీ4లో ప్రతి ప్రాసెసర్‌కూ సొంతంగా నాలుగు మెమొరీ చానళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు), 40 పీసీఐ లేన్లు (గ్రాఫిక్స్ కార్డు లాంటివాటికి వెళ్లే దారులు) ఉంటాయి. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే దానికి చెందిన స్లాట్లు పనిచేయవు. అది తెలియక బోర్డు పాడైందని తిప్పి పంపినవాళ్లను చూశాను. ఇలాంటి బోర్డులు చాలావరకు 12 అంగుళాలకు 13 అంగుళాలు. మామూలు క్యాబినెట్‌లో పట్టవు. కూలర్ కొనేముందు సాకెట్ చట్రం చతురస్రమా, సన్నని దీర్ఘచతురస్రమా కొలవండి. ఒకదాని కూలర్ ఇంకోదానికి ఎక్కదు.

మొదట ఒకటో సాకెట్‌లో ఒక్క ప్రాసెసర్, ఒక్క ర్యామ్ పెట్టి ఆన్ చేయండి. తెర వెలిగాకే రెండోది. తొందరపడి రెండూ ఒకేసారి బిగిస్తే తప్పు ఎటువైపు ఉందో తెలియదు.

మాకు అక్కడే చిక్కు వచ్చింది. 16 జీబీవి ఎనిమిది పెడితే 128 రావాలి, 112 చూపించింది. ర్యామ్‌లు మార్చి చూశాను. ఏది పెట్టినా అదే స్లాట్ కనిపించడం లేదు. అంటే లోపం ర్యామ్‌ది కాదు. తీగ పీకేసి, కూలర్ విప్పి, పేస్టు తుడిచి, ప్రాసెసర్ ఎత్తాను. ఈ రకంలో పిన్నులు చిప్‌కు ఉండవు, సాకెట్‌లోనే ఉంటాయి, రెండు వేలకు పైగా. ఫోను లైటు ఏటవాలుగా వేసి భూతద్దంతో చూస్తే, నాటు వేసిన మడిలా వరుసలన్నీ ఒకే తీరుగా మెరుస్తున్నాయి. అంచున ఒక్కటి మాత్రం పక్కదాని మీదికి ఒరిగి ఉంది. సన్నని సూది మొనతో, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున దాన్ని లేపాను. 128 వచ్చింది. అందుకే పాత బోర్డు కొంటే డబ్బు ఇచ్చేముందు రెండు సాకెట్ల మూతలూ తీయించి ఇలా చూడండి.

ర్యామ్ సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకమైతే అన్నీ అదే రకం ఉండాలి. ప్రాసెసర్‌కు నాలుగు చొప్పున, చానల్‌కు ఒకటి.

కరెంటు విషయంలో ఇంకా జాగ్రత్త. ప్రతి ప్రాసెసర్‌కూ వేరే 8 పిన్నుల తీగ కావాలి. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల తీగ చూడటానికి అలాగే ఉంటుంది కానీ దాని అమరిక వేరు, బలవంతంగా దూర్చితే బోర్డు కాలిపోతుంది. ఒక్కో చిప్ 120 వాట్ల రకం. ఇంట్లో ఉండే 600 వీఏ యూపీఎస్ మీద, గ్రాఫిక్స్ కార్డు కూడా ఉన్నప్పుడు, నమ్మకం పెట్టుకోవద్దు. సాకెట్లు ఒకదాని వెనుక ఒకటి ఉండే బోర్డులో మొదటిదాని వేడిగాలి రెండోదానికి తగులుతుంది. మన మే నెల ఎండలకు వెనుక ఫ్యాను తప్పనిసరి.

విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే గుర్తిస్తుంది, ప్రో కావాలి. మేము లినక్స్ వేశాం. ఎల్‌ఎస్‌సీపీయూ అనే కమాండ్ కొడితే సాకెట్లు 2, నూమా నోడ్లు 2 (ఒక ప్రాసెసర్, దాని సొంత మెమొరీ కలిస్తే ఒక నోడ్), మొత్తం థ్రెడ్లు 56 అని రావాలి. ఒకటే నోడ్ చూపిస్తే బోర్డు సెటప్ అయిన బయోస్‌లో, రెండు వైపుల మెమొరీని ఒకటిగా కలిపే నోడ్ ఇంటర్లీవింగ్ ఆపండి. నూమాసీటీఎల్ అనే కమాండ్‌తో నోడ్ల మధ్య దూరాల పట్టిక చూస్తే సొంత మెమొరీకి 10, అవతలి ప్రాసెసర్ మెమొరీకి 21 అని మాకు వచ్చింది. అవతలి మెమొరీ అందుతుంది, కానీ ఆలస్యంగా. యానిమేషన్‌కు ఆ విద్యార్థి బ్లెండర్‌ను రెండుసార్లు తెరిచి, ఒక్కోదాన్ని ఒక్కో నోడ్‌కు, దాని మెమొరీకి కట్టేశాడు. సరి సంఖ్య ఫ్రేములు ఒకదానికి, బేసి ఇంకోదానికి. తోరణం దృశ్యం ఒక వైపు ఉన్న 64 జీబీలో పట్టింది కనుక అది కుదిరింది. పట్టకపోతే ఒక్క బ్లెండర్‌నే రెండింటి మీదా నడపండి.