పెట్టుబడి వార్తలో క్రియాపదాన్ని వెతికే పద్ధతి

దీపావళికి మా ఇంటికి వచ్చిన బావమరిది చెప్పులు విడిచేలోపే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. తెర మీద ఒక పత్రిక కత్తిరింపు ఉంది: "తిరుపతి జిల్లాకు మరో ఎలక్ట్రానిక్స్ దిగ్గజం!" దాని కింద చిన్న అక్షరాల్లో "వేల కోట్ల పెట్టుబడి.. వేలాది కొలువులు" అని ఉంది. "కంపెనీ వచ్చేసింది బావా, ఏర్పేడు పక్కన స్థలం అంకణం రేటు సంక్రాంతికి రెట్టింపు అవుతుందంట, యాభై వేలు అడ్వాన్సు కట్టేస్తా" అన్నాడు. ఆ శీర్షికను ఒకసారి పైకి చదవమన్నాను. చదివాడు. "వచ్చేసింది అన్న మాట అందులో ఎక్కడుందిరా?" అని అడిగితే మళ్లీ చదివి తల గోక్కున్నాడు. ఆ మాట శీర్షికలో లేదు, కింద వార్తలోనూ లేదు; మా వాడే దాన్ని కలుపుకున్నాడు.

టెక్నాలజీ కంపెనీల వార్తలు చదివి నలుగురిలో అభిప్రాయం చెప్పాలనుకునేవారు ముందుగా నేర్చుకోవలసిన పని క్రియాపదాన్ని వెతకడమేనని నా ఉద్దేశం. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది. శీర్షికకు చోటు చాలనప్పుడు మొదట రాలిపోయేది కూడా ఆ చివరి మాటే. "దిగ్గజం" దగ్గర వాక్యం ఆగిపోతే ఆ దిగ్గజం వచ్చిందా, వస్తోందా, వస్తానని మాట ఇచ్చిందా, లేక వస్తే బాగుంటుందని ఎవరో వేదిక మీద అన్నారా అన్నది చదివేవారి ఆశను బట్టి పూర్తవుతుంది. దీనికి తోడు క్రియలాగా కనిపిస్తూనే ఏ పనినీ చెప్పని మాటలు మన పత్రికా భాషలో కొన్ని స్థిరపడిపోయాయి. ఫలానా సంస్థ "సై" అంటుంది, ఫలానా ప్రాజెక్టుకు "పచ్చజెండా" ఊపుతారు, మరొకదానికి "లైన్ క్లియర్" అవుతుంది, కంపెనీలన్నీ "క్యూ" కడతాయి. పచ్చజెండా ఊపింది మంత్రివర్గమా, పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డా, లేక కంపెనీ డైరెక్టర్లా అన్నది తెలిసేదాకా ఆ వాక్యానికి అర్థం లేదు.

కాబట్టి వార్త కనబడగానే ఒక కాగితం తీసుకొని శీర్షికను పూర్తి వాక్యంగా తిరగరాయండి. ఎవరు, ఏ తేదీన, ఏం చేశారు అన్న మూడూ ఉండి, చివరన భూతకాల క్రియ ఉండాలి. "చేయనున్నారు", "రాబోయే", "ప్రతిపాదించిన" వంటివి దొరికితే వాటిని అలాగే ఉంచండి, మెరుగులు దిద్దకండి. వార్తలో ఏ భూతకాల క్రియా దొరకకపోతే, చివరకు మిగిలేది సాధారణంగా "ఫలానా నాయకుడు అన్నారు" ఒక్కటే. అప్పుడు జరిగిన పని అనడం మాత్రమే.

ఈ క్రియలకు ఒక వరుస ఉంది. అది కళ్ల ముందు కనపడాలంటే పాత ఉదాహరణే మేలు. అప్పటి అనంతపురం జిల్లాలో, పెనుకొండ దగ్గర కియా మోటార్స్ కర్మాగారం కోసం 2017 ఏప్రిల్‌లో ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2019 జనవరిలో ట్రయల్ ప్రొడక్షన్ మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ కారు బయటికి వచ్చింది. సంతకం చేశారు, భూమి ఇచ్చారు, గోడలు లేపారు, యంత్రాలు తిప్పి చూశారు, సరుకు అమ్మారు: ఈ మెట్లలో ప్రతిదానికీ వేరే క్రియ ఉంది, వేరే తేదీ ఉంది. రెండేళ్ల పైచిలుకు పట్టిన ఈ ప్రయాణం మన దగ్గర చాలా వేగంగా సాగినదని చెప్పుకుంటారు. మీ చేతిలోని వార్త ఈ వరుసలో ఏ మెట్టు మీద ఉందో గుర్తిస్తే, దాని మీద ఎంత గొంతెత్తి మాట్లాడవచ్చో కూడా తెలిసిపోతుంది.

అవగాహన ఒప్పందం, అంటే అందరూ ఎంవోయూ అనేది, చాలావరకు మొదటి మెట్టే. దానికి కట్టుబడి తీరాలన్న నిర్బంధం మామూలుగా ఉండదు. తాంబూలాలు పుచ్చుకున్నంత మాత్రమే, ముహూర్తం కూడా పెట్టుకోలేదన్నమాట. ఇతర కంపెనీల ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ తయారుచేసిపెట్టే తైవాన్ సంస్థ ఫాక్స్‌కాన్ 2015 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వంతో అయిదేళ్లలో 500 కోట్ల డాలర్లు పెడతామని ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. ఆ ప్రాజెక్టు రావడం లేదని 2020 జనవరిలో ఆ రాష్ట్ర పరిశ్రమల మంత్రి స్వయంగా చెప్పారు. అలాగని ఆ కంపెనీ మాట నిలుపుకోని రకమని తీర్పు చెప్పేస్తే అదీ తప్పే, ఎందుకంటే అదే 2015లో అదే సంస్థ మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఒకచోట క్రియ "ఒప్పుకుంది" దగ్గర ఆగింది, మరొకచోట "తయారుచేసింది" దాకా నడిచింది. కంపెనీ పేరును చూసి పొగిడేవారూ తిట్టేవారూ మనలో ఎక్కువ. ఏ మెట్టు అన్నది చూసేవారు తక్కువ.

శంకుస్థాపన చేసేశారు కదా, ఇంకేం అనుమానం అంటారేమో. ఆ మెట్టు కూడా జారుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇదే ఫాక్స్‌కాన్ 2017లో 1,000 కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి, 13,000 వరకు ఉద్యోగాలు అని ప్రకటించింది. 2018 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు ట్రంప్ వచ్చి బంగారు రంగు పార పట్టుకొని మట్టి తవ్వారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్రంతో కుదుర్చుకున్న కొత్త ఒప్పందంలో ఆ అంకెలు 67.2 కోట్ల డాలర్లు, 1,454 ఉద్యోగాలు అయ్యాయి. పాత వార్తలో "వరకు" అన్న చిన్న మాట ముందునుంచీ ఉంది. వెయ్యి కోట్ల వరకు అంటే అరవై ఏడు కోట్లు కూడా వరకే.

ఇదంతా పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. పదేళ్ల కిందట రేణిగుంట దాటాక ఒక వెంచర్‌లో నేను నలభై వేలు అడ్వాన్సు కట్టాను. ఆ బ్రోచర్ వెనక పేజీలో రంగురంగుల పటం, పటంలో ఒక కంపెనీ బొమ్మ, "ఇక్కడినుంచి 10 నిమిషాలు" అన్న బాణం గుర్తు ఉన్నాయి. ఆ కంపెనీ అక్కడికి వస్తుందని గానీ, వచ్చిందని గానీ బ్రోచర్‌లో ఎక్కడా రాయలేదని నేను గమనించింది, కంపెనీ రాలేదని తేలాక డబ్బు తిరిగి అడగడానికి వెళ్లిన రోజు. అమ్మినవాళ్లు ఆ కాగితాన్నే నా ముందు పరిచి "మేమేమన్నా వచ్చిందని చెప్పినామా సార్?" అన్నారు. నిజమే, వాళ్లు బొమ్మ మాత్రమే వేశారు.

క్రియ దొరికాక కర్తను చూడాలి. డబ్బు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో తెలియకుండా రాసే అభిప్రాయాలే ఈ రంగంలో ఎక్కువగా బోల్తా పడతాయి. శ్రీసిటీలో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ సుమారు రూ.5 వేల కోట్ల కర్మాగారానికి 2025 మే 8న శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో ఎల్‌జీ భారత విభాగం రూ.11,607 కోట్ల పబ్లిక్ ఇష్యూకు, అంటే జనానికి వాటాలు అమ్మడానికి వచ్చి, 14వ తేదీన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయింది. మా వీధిలో పెన్షన్ తీసుకుంటున్న ఒక పెద్దాయన ఈ రెండు వార్తలనూ ముడిపెట్టి, జనం డబ్బు పదకొండు వేల కోట్లు శ్రీసిటీకి వస్తోందని అందరికీ చెప్పేశారు. ఆ ఇష్యూ మొత్తం పాత వాటాల అమ్మకమే, అమ్మింది కొరియాలోని మాతృసంస్థ, కాబట్టి ఆ డబ్బు వెళ్లింది దానికే. భారత కంపెనీ ఖాతాలోకి అందులోనుంచి ఏమీ రాలేదు. ఇందులో దాచినదేమీ లేదు, ఇష్యూ పత్రంలోనే ఉంది. "సమీకరించింది" అన్న క్రియకు కర్త ఎవరో చూడకపోవడం వల్ల వచ్చిన తప్పు అది. కర్మాగారం కట్టడం వేరు, దానికి డబ్బు వేరేచోటినుంచి రావాలి.

కర్తను దాచిపెట్టే పద్ధతి ఉద్యోగాల కోత వార్తల్లో మరీ స్పష్టంగా కనబడుతుంది. "ఏఐ దెబ్బకు ఉద్యోగాలు పోయాయి" అన్న వాక్యంలో ఉద్యోగాలు వాటంతట అవే లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. 2025 జులైలో టీసీఎస్ ఆ ఆర్థిక సంవత్సరంలో సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అక్కడ క్రియ భవిష్యత్తులో ఉంది, కర్త కంపెనీ యాజమాన్యం. కారణం ఏఐ కాదని, నైపుణ్యాలకూ అవసరాలకూ పొంతన లేకపోవడమని ఆ సంస్థ అధిపతి చెప్పారు. ఆ కారణాన్ని మీరు నమ్మనక్కరలేదు, నేనూ పూర్తిగా నమ్మను. కానీ నమ్మనని రాసేటప్పుడు "కంపెనీ ఇలా చెప్పింది, ఫలానా కారణం వల్ల నేను దాన్ని నమ్మడం లేదు" అని రెండు వాక్యాలుగా రాయాలే తప్ప, మన అనుమానాన్ని జరిగిన సంగతిగా మార్చేయకూడదు.

అంకెల విషయంలో ఒక్కటే సూత్రం: పక్కన మరో అంకెను పెట్టకుండా ఏ అంకెనూ నోటితో పలకవద్దు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్‌కు, అంటే ఏఐ పనులకు వాడే భారీ డేటా సెంటర్‌కు, 2026 నుంచి 2030 వరకు అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు పెడతామని చెప్పింది. దాని పక్కన పెట్టవలసిన అంకె అదే నెలలో వచ్చింది: 2025 ఒక్క ఏడాదికే తమ మూలధన వ్యయం, అంటే భవనాలు, యంత్రాల వంటి వాటి మీద పెట్టే ఖర్చు, 9,100 కోట్ల నుంచి 9,300 కోట్ల డాలర్లు ఉంటుందని మాతృసంస్థ ఆల్ఫాబెట్ చెప్పింది. అయిదేళ్ల విశాఖ ఖర్చు ఆ సంస్థకు రెండు నెలల ఖర్చన్నమాట. ఇక ఆ హబ్ ఒక గిగావాట్, అంటే వెయ్యి మెగావాట్ల స్థాయిదని అన్నారు కదా, మన ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఈ పోలిక వేశాక అడగవలసిన ప్రశ్న ఉద్యోగాలు ఎన్నని మాత్రమే కాదు, కరెంటు ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి అన్నది కూడా.

జరిమానాల అంకెలకూ ఇదే మందు. 2022 అక్టోబరులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆల్ఫాబెట్ ఆ ఏడాది మొత్తం రాబడి సుమారు 28,280 కోట్ల డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి గంటలతో భాగిస్తే ఆ జరిమానా అయిదు గంటల రాబడి దగ్గర తేలుతుంది. తిరుపతి బస్టాండులో బెంగళూరు బస్సెక్కి అక్కడ దిగేలోపు వచ్చే సొమ్ము. రాబడి అంటే లాభం కాదు గనక ఈ లెక్కను కూడా జాగ్రత్తగానే వాడాలి.

ఎక్కడ సరిచూసుకోవాలంటే, స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీ అయితే బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో అది ఇచ్చిన ప్రకటన చదవండి. వేదిక మీద ఉత్సాహంగా చెప్పిన మాట అక్కడికి వచ్చేసరికి ఎంత పొదుపుగా మారుతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. భూమి, రాయితీల సంగతి ప్రభుత్వ జీవోల్లో ఉంటుంది. రాష్ట్రంలో 2021 ఆగస్టులో వాటిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టుల దరఖాస్తులు కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. అన్నిటికంటే సులువైనది బండి తీసి ఆ చోటికి వెళ్లి రావడం. ప్రహరీ లేచిందా, మట్టి చదును చేశారా, హైటెన్షన్ లైను అటు లాగారా, గేటు దగ్గర కాపలావాడు ఉన్నాడా లేక గొర్రెలు మేస్తున్నాయా అన్నవి చూడటానికి చదువు అక్కరలేదు.

ఇవన్నీ చూశాక మీ అభిప్రాయాన్ని ధైర్యంగా, పక్షం తీసుకొని రాయండి. రెండు వైపులా సమానంగా తూచి ఏమీ చెప్పకుండా వదిలేసే రాత నాకు గిట్టదు. అయితే ఒక నోటుబుక్ పెట్టుకొని, ప్రతి వార్తకూ ఒక వరుస కేటాయించి, మొదటి గడిలో ప్రకటన తేదీ, రెండో గడిలో అప్పటి క్రియ, మూడో గడిలో ఏడాది తర్వాతి క్రియ రాసుకోండి. నా నోటుబుక్‌లో నా అంచనాలు తప్పిన వరుసలు తక్కువేమీ కాదు. వాటిని ఎర్రసిరాతో ఉంచాను.

దీపావళి మధ్యాహ్నం మా బావమరిదితో కూడా ఒక వరుస రాయించాను. ఎవరు అన్నచోట ఒక మంత్రి పేరు, ఎప్పుడు అన్నచోట ముందురోజు తేదీ, క్రియ అన్నచోట "చర్చలు జరుపుతున్నామని చెప్పారు" అని వచ్చింది. యాభై వేలు బ్యాంకులోనే ఉన్నాయి. మూడో గడి ఇంకా ఖాళీ. ప్లాట్ల ఏజెంటు మాత్రం వారానికోసారి ఫోన్ చేసి రేటు పెరిగిపోతోందని చెబుతూనే ఉన్నాడట.