పైథాన్ క్లాసులో ఖాళీ లిస్ట్ ఎక్కడ పెట్టాలి?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు (ఆబ్జెక్టులను తయారుచేసే నమూనాలు) కొత్తగా రాస్తున్నవాళ్లు ఇది తప్పక చూసుకోండి. స్టూడెంట్ అనే క్లాస్ మొదలుపెట్టి, మార్కుల కోసం ఖాళీ లిస్టును నేరుగా క్లాస్ పేరు కిందే పెడితే, ఆబ్జెక్టులన్నిటికీ కలిపి ఆ ఒక్క లిస్టే ఉంటుంది. రవి, లత అని రెండు ఆబ్జెక్టులు చేసి, రవి లిస్టుకు అపెండ్‌తో 90 చేర్చండి. లత మార్కుల్లోనూ 90 కనిపిస్తుంది! ఎర్రర్ ఏదీ రాదు, అందుకే కొత్తవాళ్లకు అంత టెన్షన్.

ఇలా కాకూడదంటే ఆ లిస్టును ఇనిట్ (__init__) మెథడ్ లోపల, సెల్ఫ్‌కు (self, అంటే అప్పుడు తయారవుతున్న ఆబ్జెక్టుకు) జతచేసి తయారుచేయండి. ఇనిట్ ప్రతి కొత్త ఆబ్జెక్టుకూ విడిగా నడుస్తుంది కాబట్టి ఎవరి లిస్ట్ వాళ్లకే వస్తుంది. స్కూల్ పేరులా అందరికీ ఒకటే అయిన విలువైతే క్లాస్ కిందే ఉంచొచ్చు.

అనుమానంగా ఉంటే రెండు లిస్టులనూ ఈజ్ (is) ఆపరేటర్‌తో పోల్చండి. ట్రూ వచ్చిందంటే ఇద్దరూ ఒకే లిస్ట్ వాడుతున్నట్టే.