ఇంట్లో ఒకరు మారథాన్‌కి తయారవుతుంటే మిగతావాళ్లు చేయాల్సిన పనులు

42.195 కిలోమీటర్ల పరుగుకి తయారవడం అంటే 16 నుంచి 20 వారాల పని. వారానికి నాలుగైదు రోజులు పరుగు, ఆదివారం తెల్లవారుజామున లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు. పరిగెత్తేది ఒక్కరే అయినా ఆ నాలుగైదు నెలల భారం ఇంటిల్లిపాది మీదా పడుతుంది. బెజవాడ, గుంటూరుల్లో అయితే మరీను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లు ఇవి. ఎండ సంగతి అలా ఉంచితే, తెల్లారకముందు నాలుగున్నరకి కూడా గాలిలో తేమ ఉంటుంది. చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఇక్కడ సాయం చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి నీళ్లు, ఉప్పు, నిద్ర. చప్పట్లు ఆ తర్వాత.

ఇంకో సంగతి మొదటే మాట్లాడుకోవాలి. రెండు గంటలు పరిగెత్తాక ఎంత తెలివైన మనిషికైనా బుర్ర సరిగ్గా పనిచేయదు. తాగాలా వద్దా, ఆగాలా కొనసాగాలా అన్నది ఆ క్షణంలో వాళ్లనే తేల్చుకోమంటే తప్పు తేలుస్తారు. అందుకని ఆ నిర్ణయాలన్నీ ముందు రోజే కలిసి తీసుకుని కాగితం మీద రాసుకోవాలి. పొద్దున దాన్ని అమలు చేసే పని మీది.

శనివారం సాయంత్రం

వారం మొత్తంలో ఇంట్లోవాళ్ల సాయం ఎక్కువగా పనికొచ్చేది శనివారం సాయంత్రమే. భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. తెల్లన్నం, పలచటి పప్పు లేదా చారు, నూనె తక్కువగా వేసిన బంగాళాదుంప కూర, పెరుగు చాలు. గోంగూర, కొరివికారం, ఉలవచారు, మిరపకాయ బజ్జీలు ఆ పూటకి వద్దు. గుంటూరు కారం మీద ఎంత ప్రేమ ఉన్నా సరే, పీచు, కారం, నూనె ఎక్కువైతే మర్నాడు పదో కిలోమీటరు దగ్గర కడుపు మెలిపెడుతుంది. దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరకడం మన ఊళ్లలో అంత తేలిక కాదు. "ఇంకో ముద్ద తిను, రేపు పరిగెత్తాలిగా" అని బలవంతం చేయకండి. శుక్రవారం, శనివారం మధ్యాహ్నాల్లో అన్నం కాస్త ఎక్కువ పెట్టండి, రాత్రికి మామూలుగా పెట్టండి.

తొమ్మిదికల్లా హాల్లో టీవీ ఆగాలి. మూడున్నరకి లేచే మనిషికి తొమ్మిదిన్నరకి పడుకున్నా దక్కేది ఆరు గంటలే. మిగతా నిద్ర ఆదివారం మధ్యాహ్నం తీరాలి. అర్ధరాత్రి ముహూర్తం పెళ్లిళ్లు వచ్చినప్పుడు వెళ్లాలా వద్దా అని ఇంట్లో గొడవ పడడం కంటే, ఆ వారం లాంగ్ రన్‌ని ముందే సోమవారానికో శుక్రవారానికో మార్చుకోవడం మంచిది. పెళ్లిభోజనం చేసి, రెండు గంటల ముహూర్తం చూసి, నాలుగున్నరకి రోడ్డెక్కితే దెబ్బ తగలడం ఖాయం. క్యాలెండర్‌లో పెళ్లిళ్లు, పండగలు, పిల్లల పరీక్షలు నెల ముందే గుర్తుపెట్టి రన్నర్‌కి ఇవ్వండి.

పరుగుకి గంటో గంటన్నరో ముందు రెండు మూడు ఇడ్లీలు తేనెతోనో పంచదారతోనో, లేదంటే జామ్ రాసిన బ్రెడ్ రెండు ముక్కలు తినాలి. కొబ్బరి చట్నీలో కొవ్వు ఎక్కువ, అరగడం ఆలస్యం. కాఫీ రోజూ అలవాటుంటే తాగొచ్చు. అయితే ఇవన్నీ ఇంట్లో అమ్మో, భార్యో మూడింటికి లేచి చేయాలన్న లెక్క మాత్రం సరికాదు. ఇడ్లీలు రాత్రే వేసి పెట్టుకోవచ్చు. సీసాలు నింపుకోవడం, బట్టలు తీసిపెట్టుకోవడం, వచ్చాక అవి ఉతుక్కోవడం రన్నర్ పనే. సాయం చేసేవాళ్లే అలిసిపోతే ఆ సాయం నాలుగో వారం దాకా కూడా నిలవదు.

నీళ్ల లెక్క

"బాగా తాగు" అనడం సలహా కాదు, ఎంతో చెప్పాలి. ఆ ఎంత అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి ఇంట్లోనే కొలవండి. పరుగుకి ముందు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఒంటి మీద తక్కువ బట్టలతో బరువు చూడండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని, అవే బట్టలతో మళ్లీ చూడండి. ముందు 68 కిలోలు, గంటన్నర తర్వాత 66.6 ఉందనుకోండి. మధ్యలో 600 మిల్లీలీటర్లు తాగారు. తగ్గిన 1.4 కి తాగిన 0.6 కలిపితే మొత్తం 2 లీటర్ల చెమట, అంటే గంటకి సుమారు 1.3 లీటర్లు.

పోయినదంతా పరిగెడుతూనే తిరిగి పోయాలని చూడకండి, కడుపు పట్టదు. బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూస్తే చాలు. 68 కిలోల మనిషికి అది 1.36 కిలోలు. రెండున్నర గంటల్లో 3.3 లీటర్లు పోతే దాదాపు 2 లీటర్లు తాగాలి, అంటే గంటకి 800, పదిహేను నిమిషాలకి 200 మిల్లీలీటర్లు. జనవరిలో చేసిన కొలత ఏప్రిల్‌కి పనికిరాదు. కాలం మారినప్పుడల్లా మళ్లీ చూడండి.

తిరిగొచ్చాక బరువు పెరిగి కనిపిస్తే సంతోషించకండి, అవసరానికి మించి తాగారని అర్థం. వేళ్లు ఉబ్బి, తలనొప్పి, వాంతులు కూడా ఉంటే రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు. అప్పుడు మంచినీళ్లు పట్టిస్తే ప్రమాదం పెరుగుతుంది, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సీసాలో కలపాల్సింది: లీటరు నీళ్లకి 40 గ్రాముల పంచదార, తలకొట్టు పావు టీస్పూన్ ఉప్పు, అర నిమ్మకాయ. పంచదారని చెంచాతో కాకుండా వంటింటి కాటాలో తూచండి. చిక్కగా ఉంటే బలం అనుకుని 100 గ్రాములు కలిపితే అది కడుపులోంచి కదలదు, కడుపునొప్పి వస్తుంది. గంటకి 800 మిల్లీలీటర్లు తాగితే 32 గ్రాముల పిండిపదార్థం అందుతుంది. దానికి తోడు గంటకి ఒక చక్కెరకేళి అరటిపండు ఇస్తే మరో 25 గ్రాములు. లాంగ్ రన్‌కి గంటకి 30 నుంచి 60 గ్రాములు కావాలి కాబట్టి లెక్క సరిపోతుంది. ఓఆర్ఎస్ పొట్లం దీనికి బదులు కాదు. అందులో ఉప్పు తగినంత ఉంటుంది కానీ లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పరుగయ్యాక చిటికెడు ఉప్పు వేసి ఇవ్వండి.

సీసాలని రాత్రే మూడో వంతు నింపి ఫ్రీజర్‌లో పడుకోబెట్టండి. పొద్దున మీద కలిపిన నీళ్లు పోస్తే రెండు గంటలు చల్లగా ఉంటాయి. నిండా నింపి గడ్డ కట్టిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. పగలకపోయినా పరుగు అయిపోయేదాకా కరగదు.

బ్యారేజీ మీద సాయం

ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. ఒకసారి సీతానగరం వైపు వెళ్లి వస్తే 2.45 కిలోమీటర్లు. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల వేగంతో పరిగెత్తే మనిషికి అది దాదాపు 16 నిమిషాలు. పైన చెప్పిన 200 మిల్లీలీటర్ల లెక్క దీనికి చక్కగా అతుకుతుంది: విజయవాడ చివర ఒకరు నిలబడి, ప్రతి తిరుగుకీ ఒక చిన్న సీసా ఇస్తే చాలు. తొమ్మిది తిరుగుళ్లు అంటే 22 కిలోమీటర్లు. స్కూటర్ మీద వెంట పడాల్సిన పని లేదు. ట్రాఫిక్ పెరిగేలోపు ముగించండి. దసరా రోజుల్లో, భవానీ దీక్షల విరమణ సమయంలో అటు వెళ్లకండి. గుంటూరువాళ్లు ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఇలాంటి కిలోమీటరుంపావు ముక్కనే కొలిచి పెట్టుకోవచ్చు.

పొడవాటి దారిలో వెళ్లాల్సి వస్తే బండి మీద పక్కపక్కనే నడపకండి. వెనకొచ్చే వాహనాలకి ఇద్దరూ అడ్డమే, పైగా పొగంతా రన్నర్ ముక్కులోకి పోతుంది. రన్నర్ రోడ్డుకి కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరిగెత్తాలి. మీరు రెండు మూడు కిలోమీటర్లు ముందుకెళ్లి ఆగండి, వాళ్లు దాటాక మళ్లీ ముందుకి వెళ్లండి. ఇద్దరికీ మెరిసే జాకెట్, వెనక మిణుకు మిణుకుమనే ఎర్రలైటు ఉండాలి. కుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటాయో ముందే చూసి చెప్పండి. అక్కడ నడవడమే మేలు.

సీసా అందించడంలో కూడా పద్ధతి ఉంది. మూత తీసి ఉంచండి. సీసా పైభాగాన్ని బొటనవేలు, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని చెయ్యి పక్కకి చాపండి. వాళ్లు దగ్గరికి వస్తుంటే మీరూ అదే దిశలో నాలుగడుగులు పరిగెత్తండి. వాళ్లు నడుమ భాగం పట్టుకుని లాగగానే వదిలేయండి. నిలబడి గట్టిగా పట్టుకుంటే సగం నీళ్లు చొక్కా మీదే పోతాయి. ఇస్తూ "ఏం కావాలి?" అని అడగొద్దు. "తాగు, తర్వాతి తిరుగుకి అరటిపండు" అనండి.

వడదెబ్బ గుర్తులు

ప్రతి తిరుగులో ఒక ప్రశ్న వేయండి: "ఇది ఎన్నో తిరుగు?" జవాబు తప్పినా, మాట తడబడినా, అడుగులు అడ్డదిడ్డంగా పడినా, అకారణంగా చిరాకు పడినా పరుగు అక్కడే ఆపాలి. వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోరని తెలిసే శనివారం కాగితం మీద రాసుకున్నారు, అది గుర్తుచేసి ఆపండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉంటుంది.

స్పృహ తేడాగా ఉంటే 108 కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని చూడకండి, ముందు చల్లబరచాలి. నీడకి చేర్చి, బూట్లు, చొక్కా తీసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ టవల్‌తో విసరండి. ఐస్ ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. టబ్బు, నీళ్ల తొట్టి దొరికితే తల పైకి పట్టుకుని మెడదాకా చల్లటి నీళ్లలో ఉంచడం అన్నిటికంటే మంచిది. మగతగా ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పోయకండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలైతే పరుగుకి ముందు, మధ్యలో అసలే ఇవ్వకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

ఇంటికొచ్చాక

అరగంటలోపు అర లీటరు ఉప్పు మజ్జిగ. తర్వాత మూడు గుడ్లు, పొంగలో దోసెలో. మూడు గుడ్లలో సుమారు 18 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. గుడ్డు తినని ఇంట్లో పనీరు, పెసరట్టు, గట్టి పెరుగు పెట్టండి. భోజనంతో పాటే టీ ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. డాబా మీద ఎండలో పెడితే జిగురు ఊడిపోతుంది. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక జత మార్చాలి, పైకి కొత్తగా కనిపించినా సరే.

చుట్టాలు వచ్చి "ఏమ్మా, ఇంత చిక్కిపోయావు?" అన్నప్పుడు మీరు అడ్డుపడండి. దూరపు పరుగు చేసేవాళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, తిండి తగ్గించుకునే ధోరణి ఉంటుంది. బరువు మీద మాటలు, మెచ్చుకోలైనా సరే, దాన్ని పెంచుతాయి. మూడు నెలలు నెలసరి రాకపోయినా, కాలి ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒకే చోట నొప్పి ఉన్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. జ్వరం ఉన్న రోజు పరుగు లేదు, బతిమాలినా లేదు.

తోడు పరిగెత్తే స్నేహితుడు చివరి ఎనిమిది కిలోమీటర్లకి వస్తే చాలా మేలు. కానీ తాజాగా వచ్చినవాడి కాళ్లు ఊరుకోవు, తెలియకుండానే వేగం పెరుగుతుంది. అరడుగు వెనకే ఉండాలి. పూర్తి వాక్యం ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగమే సరైన వేగం.

రేసు దగ్గరపడ్డాక

చివరి రెండు మూడు వారాలు పరుగు తగ్గిస్తారు. అప్పుడే చిరాకు, లేని నొప్పులు, "నావల్ల కాదేమో" అనే దిగులు మొదలవుతాయి. వాదించకండి, వినండి. కొత్త బూట్లు, కొత్త తిండి, తిరుపతి మెట్లెక్కే మొక్కులు రేసు అయ్యాకే.

రేసు రోజు మొదట్లో, చివర్లో జనం ఎలాగూ ఉంటారు. మీరు 30, 35 కిలోమీటర్ల మధ్య నిలబడండి, మనసు జారేది అక్కడే. "ఇంకా కొంచెమే" అనకండి, వాళ్లకి అది కొంచెం కాదు. "ఇంకా 9 కిలోమీటర్లు, 36 దగ్గర నేనుంటా" అని చెప్పి, చెప్పినట్టు అక్కడ ఉండండి. ముగించాక కూర్చోబెట్టకుండా పది నిమిషాలు నడిపించండి. పొడి చొక్కా, వదులైన చెప్పులు, ఉప్పు మజ్జిగ సంచిలో ఉండాలి. ఇంటికి బండి మీరే నడపండి.