నల్లరేగడిలో బ్రహ్మదండి వడలిపోతుంటే

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో బ్రహ్మదండి (గుండ్రటి ముళ్ల బంతుల్లా పూసే ఎకినాప్స్) మొక్క ఎండని బాగానే తట్టుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటేనే తల వాల్చేస్తుంది. నేల తడిగా ఉన్నా ఆకులు వడలుతున్నాయంటే వేరు కుళ్లుతున్నట్టు. ఇక నీళ్లు పోయకండి. మొక్క మొదలు దగ్గర రెండంగుళాల మట్టి తీసి చూడండి. వేరు పైతోలు నల్లబడి, గోటితో గీరితే ఊడి వచ్చేస్తే ఆ మొక్క దక్కదు, వేరుతో సహా పీకి పారేయాలి. పక్క మొక్కల మొదళ్లలో కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరు నీటికి మూడు గ్రాములు కలిపి పోయాలి.

మందుతో జబ్బు ఆగుతుందే గానీ పోదు. మా పెరట్లో దాన్ని వదిలించింది మిట్ట. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు సన్న కంకర కలిపి అడుగు ఎత్తున పోశాను. పశువుల ఎరువు అసలు వేయలేదు. బలమెక్కువైతే కాడలు మెత్తగా సాగి గాలికి పడిపోతాయి, మొదట్లో తేమా నిలుస్తుంది.

తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి నారు పీకి నాటితే సరిగా బతకదు. విత్తనం మిట్ట మీదే అరంగుళం లోతులో, అడుగున్నర ఎడంగా పెట్టాలి. వేరు పట్టాక పైమట్టి బాగా ఆరితేనే నీళ్లు.

ఎండబెట్టి దాచుకోవాలంటే గుండ్రటి పూబంతులకు రంగు తిరగ్గానే, పూలు విచ్చకముందే కోయండి. విచ్చాక కోస్తే రాలిపోతాయి. మందపాటి తోలు గ్లౌజులు వేసుకోండి, గుడ్డవైతే ముళ్లు దిగుతాయి.