గాలివానలకి ముందే మీ క్రిస్మస్ చెట్టుని ఒకసారి చూసుకోండి

అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తూ నిటారుగా పెరిగే అరకేరియా, అదే మనం క్రిస్మస్ చెట్టు అనేది, ఇంటి ముందు ఉన్నవాళ్లు గాలులు మొదలవ్వక ముందే ఈ పనులు చూసుకోండి.

మొట్టమొదటిది, పడిపోతుందేమోనన్న భయంతో దాని తల నరికించకండి. దయచేసి వద్దు. వేపలా ఎంత కొట్టినా మళ్లీ గుబురుగా వచ్చే చెట్టు కాదిది. పక్క కొమ్మలు పక్కకే పెరుగుతాయి తప్ప లేచి తల అవ్వవు, కోసిన చోట రెండు మూడు చిగుళ్లు వచ్చినా వాటి పట్టు బలంగా ఉండదు, పెద్దయ్యాక గాలికి విరిగేవి అవే. కింది కొమ్మలు కూడా అంతే, ఒకసారి పోతే ఆ చోట మళ్లీ మునుపటిలా రావు, కాబట్టి ఎండినవి మాత్రమే తీయించండి.

తర్వాత మొదలు దగ్గర కూర్చుని మట్టి చూడండి. గాలి వీస్తున్నప్పుడు మానుకి ఒక పక్క నేల కొద్దిగా లేచి దిగుతోందా, అర్ధచంద్రాకారంలో పగులు కనిపిస్తోందా? అయితే వేళ్లు పట్టు వదులుతున్నట్టే, చెట్ల పని బాగా తెలిసినవాళ్లని వెంటనే పిలిపించండి. చెట్టు మొదటినుంచీ కాస్త వంగి ఉంటే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే మొక్కల్లో చాలావరకు నిజానికి కుక్ పైన్‌లు (అరకేరియాలోనే ఒక రకం), అవి భూమధ్యరేఖ వైపు సగటున 8 డిగ్రీలకు పైగా వాలతాయని 2017లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. నిన్నటిదాకా నిటారుగా ఉన్నది ఇవాళ వంగితేనే ప్రమాదం.

పాదులో నీళ్లు నిలవకుండా ఇప్పుడే కాలువ తీయండి, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, కుళ్లిన వేళ్లు గాలికి ఆగవు.

లేత మొక్కకి ఊతకర్ర పెడితే వదులుగా, వెడల్పాటి గుడ్డతో కట్టండి. మా చెట్టుకి సన్నటి నైలాన్ తాడు కట్టి రెండేళ్లు విప్పడం మర్చిపోయాను, అది బెరడులోకి దిగిపోయి చుట్టూ గాడి పడింది, జిగురు కారింది, ఆ మచ్చ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధే. మొక్క నిలదొక్కుకోగానే, ఏడాదిలోపే కట్టు తీసేయండి.

కొత్తగా నాటేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అరకేరియాలోనే నార్ఫోక్ పైన్ అనే ఇంకో రకం తన సొంతగడ్డ, ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న నార్ఫోక్ దీవిలో 50 మీటర్లు దాటుతుంది. గోడ పక్కనా, కరెంటు తీగల కిందా వద్దు. ఇప్పటికే తీగలని తాకుతుంటే మీరు నిచ్చెన వేయకండి, కరెంటు ఆఫీసులో చెప్పి సరఫరా ఆపించాకే కొమ్మ మీద చెయ్యి వేయించండి.