ఏడీహెచ్‌డీ: మందు వేయాలా వద్దా తేల్చుకునేముందు

మందు సంగతి తర్వాత, ముందు పిల్లల ఇబ్బంది ఏడీహెచ్‌డీయేనా (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) అన్నది తేలాలి. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ ఇబ్బంది పెడుతుండాలి. బడిలోనే గొడవైతే చూపు, వినికిడి, చదవడంలో ఇబ్బంది ఉన్నాయేమో చూపించండి. నిద్ర చాలని పిల్లలూ అచ్చం ఇలాగే ఉంటారు.

6 ఏళ్లలోపైతే మొదట తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. ఒకసారికి ఒకే పని చెప్పాలి: "తయారవ్వు" కాదు, "బూట్లు వేసుకో". వేసుకోగానే మెచ్చుకోండి. సాయంత్రం ఇచ్చే బహుమతికి అంత పట్టు ఉండదు.

6 దాటాక ఈ శిక్షణకు మందు తోడవ్వొచ్చు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్‌ అనే మందును సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం చూసుకుంటూ పెంచుతారు. మామూలు మాత్ర పనిచేసేది దాదాపు 4 గంటలే. ఆ తర్వాత చిరాకు, ఏడుపు రావచ్చు. చాలామంది మందు పడలేదనుకుని అక్కడే ఆపేస్తారు. తరచుగా అది మందు ప్రభావం దిగిపోవడం మాత్రమే. ఏ గంటకు మొదలైందో రాసుకెళ్తే డాక్టరు వేళలు సర్దుతారు. ఆకలి తగ్గుతుంది కాబట్టి మాత్రకు ముందే కడుపునిండా పెట్టండి. పొద్దుపోయాక వేస్తే నిద్ర పట్టకపోవచ్చు.

ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు మొదటి మాత్రకు ముందే రాయించుకోండి, తర్వాత పోల్చడానికి అవే ఆధారం. కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో గుండె ఆగి చనిపోయి ఉంటే తప్పకుండా చెప్పండి.

ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు అటమాక్సెటిన్ తీరు వేరు. పూర్తి గుణం కనిపించడానికి 4 నుంచి 6 వారాలైనా పడుతుంది, పది రోజులకే తీర్పు చెప్పేయకండి.